మీకు తెలుసా? పుస్తకం చెప్పేముందు ఊరు అడగండి

"ఈమధ్య వచ్చిన మంచి తెలుగు పుస్తకం ఏదైనా చెప్పండి" అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది నోటికి ముందు వచ్చే పేర్లు చలం, కొడవటిగంటి, బుచ్చిబాబు. వాళ్లని చదవాల్సిందే. కానీ ఆ మనిషి అడిగింది ఈమధ్య వచ్చినదాని గురించి కదా! అందుకే నేను ముందు "మీదే ఊరు?" అని అడుగుతాను. ఇప్పటి తెలుగు కథకు పెద్ద బలం ఊరి మాట. ఆ మాట తగిలితే, చదవడం ఎప్పుడో మానేసినవాళ్లు కూడా పేజీ తిప్పుతారు.

'కొండపొలం' సినిమా చూసే ఉంటారు. 2021లో క్రిష్ తీసిన ఆ సినిమాలో రకుల్ ప్రీత్ సింగ్ వేసిన ఓబులమ్మ పాత్ర దానికి మూలమైన నవలలో లేనే లేదని తెలుసా? కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి రాసిన నవల ఇది. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొందింది. కరువొచ్చి ఊళ్లో మేత, నీళ్లు దొరకనప్పుడు జీవాలను తోలుకుని నల్లమల ఎక్కడాన్నే కొండపొలం పోవడం అంటారు. ఉద్యోగం దొరకని ఇంజినీరింగ్ కుర్రాడు తండ్రి వెంట అలా అడవికి వెళ్తాడు. మా పక్కింటి అబ్బాయి ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి డీలాపడి ఉన్నప్పుడు ఈ నవల ఇచ్చాను. రెండు రోజుల్లో చదివేసి, "పులి కంటే ఇంటర్వ్యూకే ఎక్కువ భయపడ్డానండీ" అన్నాడు. సినిమా చూశాం కదా అని ఈ నవలను వదిలేయకండి.

సీమ చరిత్ర మీద ఇష్టం ఉంటే బండి నారాయణస్వామి 'శప్తభూమి' చదవండి. దీనికీ తానా బహుమతి వచ్చింది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా.

నాకు అన్నిటికన్నా దగ్గరైన పుస్తకం మాత్రం చిన్నదే, ఎండపల్లి భారతి 'ఎదారి బతుకులు'. ఆమె చదివింది అయిదో తరగతి. చిత్తూరు జిల్లాలో పల్లెటూరి ఆడవాళ్లు నడిపిన 'నవోదయం' పత్రికలో పనిచేస్తూ రాయడం నేర్చుకున్నారు. ఒక్కో కథ రెండు మూడు పేజీలే. కూలిపని, ఆకలి, ఇంట్లో మగవాళ్ల తీరు, మధ్యలో పకపకా నవ్వు, అన్నీ ఆ ఊరి దళిత ఆడవాళ్ల నోటి మాటలోనే. మదనపల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్న ఒక మిత్రుడికి ఇచ్చాను. బడి వదిలాక తెలుగు పుస్తకం ముట్టనివాడు. మొదటి కథ నిలబడే చదివి, వెంటనే ఊళ్లో ఉన్న వాళ్ల అమ్మకు ఫోన్ చేసి స్పీకర్లో రెండో కథ చదివి వినిపించాడు. ఆవిడ మధ్యమధ్యలో "ఊ, ఊ" అంటూనే ఉంది.

తండ్రీకొడుకులిద్దరికీ అకాడమీ పురస్కారం వచ్చిన కథకుల ఇల్లు ఒకటుందని తెలుసా? మధురాంతకం రాజారాంకు 1993లో కథలకు, కొడుకు నరేంద్రకు 2022లో 'మనోధర్మపరాగం' నవలకు వచ్చింది. దేవదాసీ కుటుంబాల జీవితం, సంగీతం కలిసిన ఆ నవల తొందరగా చదివేది కాదు, సెలవుల్లో పెట్టుకోండి. ఆ మరుసటి ఏడు పురస్కారం తల్లావఝల పతంజలి శాస్త్రి 'రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు' సంపుటికి దక్కింది. 2024లో యువ పురస్కారం అందుకున్న రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్‌లో' బంజారా తండాల కథలు. తండా నుంచి వచ్చి పట్నంలో చదువుకుంటున్న పిల్లలు మీ ఎరికలో ఉంటే తప్పకుండా ఇవ్వండి.

అవతలి మనిషి రుచి మనకు తెలియదనుకోండి, అప్పుడు వార్షిక సంకలనమే మేలు. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకులుగా కథాసాహితి 1990 కథలతో మొదలుపెట్టిన 'కథ' సంకలనాల్లో ఏ ఏడాదిదైనా ఒకటి చేతిలో పెట్టండి. అందులో నచ్చిన రచయిత పేరు వాళ్లే వచ్చి చెబుతారు, తర్వాతి పుస్తకం దాన్నిబట్టి ఇవ్వొచ్చు.

మీ ఊరి మాటలో ఈ పదేళ్లలో వచ్చిన కథల పుస్తకం ఏదైనా మీ మనసుకు పట్టిందా? దాని పేరు, రచయిత, దొరికే చోటు ఒక కార్డు మీద రాసి మాకు పంపండి.