సంతకం పెట్టని సంసారం

దిల్‌సుఖ్‌నగర్‌లో దీపం వెలగడం వెనక దేశాల మధ్య పంతాలు కూడా ఉన్నాయంటే మా ఇంట్లో నవ్వారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి అణువులతో ఏం పని అన్నారు. పని ఉన్నది.

1968లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒడంబడిక సంతకాలకు వచ్చింది. 1967 జనవరి 1కి ముందే అణుబాంబు పేల్చిన అయిదు దేశాలూ బాంబులు ఉంచుకోవచ్చునట. తక్కినవాళ్లు వాటి జోలికి పోరాదట. పెద్దింటికొక న్యాయం, పేదింటికొక న్యాయమా అని మనం సంతకం పెట్టలేదు. ఉత్తర కొరియా చేరి, 2003లో తప్పుకున్నానన్నది. మనం గడపే తొక్కలేదు.

గడప తొక్కనివాడికి విస్తరి ఎవరు వేస్తారు? 1974 మే 18న పోఖ్రాన్ పరీక్ష జరిగాక కెనడా సాయం మానుకున్నది. సరకులిచ్చే దేశాలు కూటమి కట్టాయి. అదృష్టవశాత్తూ హైదరాబాదులో అప్పటికే పొయ్యి రాజుకున్నది. అయ్యగారి సాంబశివరావుగారు తీర్చిదిద్దిన ఇ.సి.ఐ.ఎల్. 1967లోనూ, అణు ఇంధన సముదాయం 1971లోనూ వెలిశాయి. రియాక్టర్లను అదుపుచేసే పరికరాలు ఒకచోట, యురేనియం బిళ్లలను లోహపు గొట్టాల్లో కూర్చి కట్టలుకట్టే పని మరొకచోట. ఎల్.బి. నగర్ నుంచి ఉప్పల్ మీదుగా ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాకు బస్సులో పోయేవారిలో ఎందరికి ఇది తోస్తుంది?

ఇంట్లో వండుకోవాలంటే ఇంట్లో బియ్యముండాలి కదా! మన ఖనిజంలో యురేనియం పాలు బహు తక్కువ. 2008 ప్రాంతంలో ఇంధనం చాలక రియాక్టర్లు నీరసంగా నడిచాయి. ఆ ఏడు సెప్టెంబరు 6న ఆ కూటమే మినహాయింపు ఇచ్చింది. పౌర రియాక్టర్లను అంతర్జాతీయ తనిఖీకి ఒప్పజెప్పి, ఒడంబడికలో చేరకుండానే విదేశీ యురేనియం తెచ్చుకున్నాం.

ఇక మన ఇంటి సంగతి. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులలో యురేనియం ఉన్నది. ఆ పక్కనే నాగార్జునసాగర్. మన పేటల కుళాయిల్లోకి వచ్చే కృష్ణనీరు అక్కడిదే! నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానించింది.

ఒకసారి మూసిన తలుపు మళ్లీ మూయరా, సొంత గని ఉండవద్దా అని మా సైన్సు లెక్చరరుగారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2047కల్లా లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు కావాలని 2025 బడ్జెట్టులో సర్కారు చెప్పింది. కానీ కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించుకోవచ్చు. నీరు చెడితే ఏం వెలిగించుకుంటాం?

సంతకం పెట్టనన్న దేశం అడిగింది సమానమైన మాట. తవ్వేముందు అదే మాట పెద్దగట్టు రైతుకూ దక్కాలి. ఎంత తవ్వుతారో, ఎంత మిగుల్తుందో, నీటికి పూచీ ఎవరో, అతనికి తెలిసే తెలుగులో చెప్పి అతని సమ్మతి అడగాలి. చదవకుండా సంతకం పెట్టమంటే మన దేశమే ఒప్పుకోలేదు; అతనెందుకు ఒప్పుకోవాలి?