కరణం దస్త్రం తెరిచిన ఏడేళ్లు

చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి, అందులోని ఒక వేరియబుల్ మెమొరీలో ఎక్కడుందో నా ల్యాప్‌టాప్‌లోని లినక్స్‌ను అడిగాను. హెక్సాడెసిమల్‌లో జవాబు వచ్చింది: 8180, దాని వెనక పన్నెండు సున్నాలు. మొదటి 8 అంటే ఆ పేజీ ర్యామ్‌లోనే ఉందని. 1 అంటే దాన్ని నా ప్రోగ్రాం తప్ప ఇంకెవరూ వాడుకోవడం లేదని. తర్వాతి 8 అంటే అందులో ఏదో రాసిన గుర్తు ఉందని. అసలు నేనడిగింది చిప్‌లో దాని చోటు. అక్కడ మాత్రం అన్నీ సున్నాలే.

ప్రోగ్రాంకి తెలిసే వర్చువల్ అడ్రస్ ఊళ్లో ఇంటి నంబరు లాంటిది. ఇల్లు ఏ సర్వే నంబరు భూమిలో కట్టారో అది చెప్పదు. ఆ లెక్క లినక్స్ లోపలి కెర్నెల్ దగ్గర ఉంటుంది, పాతకాలపు కరణం దగ్గర దస్త్రం ఉన్నట్టు. ఈ పద్ధతికి ఆద్యులు మాంచెస్టర్‌లో టామ్ కిల్బర్న్ బృందం. 1962లో ప్రారంభమైన వాళ్ల అట్లాస్ కంప్యూటర్‌లో ప్రధాన మెమొరీ 16 వేల చిల్లర వర్డ్‌లే, దాని వెనక తిరిగే డ్రమ్ములో మరో 96 వేలు. రెండూ కలిపి ప్రోగ్రామర్‌కి ఒకటే మెమొరీగా కనపడాలని దాన్ని 512 వర్డ్‌ల పేజీలుగా కోశారు. ఏ పేజీ ఎక్కడుందో చూసుకునే పని యంత్రానిదే.

లినక్స్‌లో ఈ దస్త్రాన్ని మామూలు జనం ముందు పరిచినవాడు మ్యాట్ మెకాల్. అతన్ని వేధించిన ప్రశ్న చాలా సాదాది: ఒక ప్రోగ్రాం నిజంగా ఎంత మెమొరీ తింటోంది? పది ప్రోగ్రాంలు ఒకే లైబ్రరీని పంచుకుంటే, ఉమ్మడి బావిని పదిమంది అన్నదమ్ములూ ఎవరి ఆస్తిలో వాళ్లు రాసుకున్నట్టు, ప్రతిదాని ఖాతాలోనూ అది పూర్తిగా పడేది. మొత్తం కూడితే ర్యామ్ కన్నా ఎక్కువ తేలేది. దానికి జవాబుగా 2008 ఏప్రిల్‌లో వచ్చిన 2.6.25 వెర్షన్‌లో, నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకీ 'పేజ్‌మ్యాప్' అనే ఫైలు పుట్టింది. డిస్కులో వెతికితే అది దొరకదు, చదవబోయినప్పుడు కెర్నెల్ అప్పటికప్పుడు అల్లి ఇస్తుంది. 4096 బైట్ల పేజీ ఒక్కోదానికీ 8 బైట్ల పద్దు. అడ్రస్‌ను 4096తో భాగించి, శేషం వదిలేసి, 8తో గుణిస్తే ఫైల్లో పద్దు ఉన్న చోటు తేలుతుంది. పద్దులోని 64 బిట్లలో కింది 55 బిట్లు ఫిజికల్ ఫ్రేమ్ నంబరు, అంటే సర్వే నంబరు.

తన ప్రోగ్రాం పద్దు చూసుకోవడానికి ఎవరికీ ప్రత్యేక హోదా అక్కర్లేకపోయేది. సర్వే నంబరు తెలిసినంత మాత్రాన పొలం మనదైపోతుందా అన్నది అప్పటి ధీమా. నాకైనా అప్పుడు అలాగే తోచేదేమో. 2014లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు ఇదే నంబరు పట్టుకుని కెర్నెల్‌ను దెబ్బతీసే దారి ఒకటి చూపించారు. కానీ ధీమాను నిజంగా కూల్చింది హార్డ్‌వేర్.

ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో నిలిచిన చార్జి. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారి మళ్లీ నింపుతారు. చిప్‌లు చిన్నవయ్యేకొద్దీ ఈ కెపాసిటర్ల వరసలు మరీ దగ్గరైపోయాయి. ఒకే చేనుకు పదేపదే నీళ్లు పెడితే గట్టు కింది నుంచి ఊట పక్క చేలోకి దిగుతుంది చూడండి, అలాగే ఒక వరసను లక్షసార్లకు పైగా గబగబా తెరిస్తే పక్క వరసలో బిట్లు తిరగబడతాయి. 2014లో కార్నెగీ మెలన్, ఇంటెల్ పరిశోధకులు 129 మాడ్యూళ్లు పరీక్షిస్తే 110 ఇలా తప్పాయి. 1,39,000 సార్లు తెరవడమే చాలిన సందర్భమూ ఉంది. దీని పేరు రోహ్యామర్.

2015 మార్చిలో గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో మార్క్ సీబోర్న్, థామస్ డల్లియన్ దీన్ని చివరిదాకా లాగారు. తిరగబడే బిట్టు పేజీ టేబుల్‌లో పడితే? పేజీ టేబుల్ అంటే కరణం దస్త్రమే, అదీ ర్యామ్‌లోనే ఉంటుంది. అందులో ఒక్క అంకె మారితే ఊరి భూమంతా మన పేరు మీదికొస్తుంది. అలాగే వచ్చింది కూడా. 29 ల్యాప్‌టాప్‌లు పరీక్షిస్తే 15లో బిట్లు తిరగబడ్డాయి. బాగా తిరగబడాలంటే ఒక వరసకు అటూ ఇటూ ఉన్న రెండు వరసల్నీ కొట్టాలి. ఎవరి పక్కన ఎవరున్నారో చెప్పింది పేజ్‌మ్యాపే.

ఆ నెలలోనే లినక్స్ డెవలపర్ కిరిల్ షుతెమోవ్ పాచ్ రాశాడు. ఏప్రిల్‌లో వచ్చిన 4.0లో రూట్ స్థాయి అధికారం లేనివాళ్లకు ఫైలు తెరుచుకోవడమే మానేసింది. ఏ పేజీల్లో కొత్తగా రాశారో ఇక్కడే చూసుకునే బుద్ధిమంతమైన పనిముట్లు కూడా దాంతో పడుకున్నాయి. కాస్త తొందరపాటే అంటాను. ఆ ఏడాదే కాన్‌స్టాంటిన్ ఖ్లెబ్నికోవ్ మార్పుతో మధ్యేమార్గం దొరికింది: ఫైలు తెరుచుకుంటుంది, గుర్తులన్నీ కనపడతాయి, సర్వే నంబరు మాత్రం సున్నా. నాకొచ్చిన సున్నాలు అవే. అదే ప్రోగ్రాంను రూట్‌గా నడిపితే ఆ సున్నాల చివర అసలు నంబరు కనపడుతుంది.

దస్త్రం మూసినా ఊట ఆగలేదు. 2016లో ఆమ్‌స్టర్‌డామ్ వ్రైయె యూనివర్సిటీ పరిశోధకులు తమ సహచరులతో కలిసి ఆండ్రాయిడ్ ఫోన్లలో పేజ్‌మ్యాప్ అవసరమే లేకుండా రోహ్యామర్ నడిపించారు. మెమొరీని పెద్ద ముక్కలుగా అడగడం, కొన్నిటిని ఒక వరసలో వదిలేయడం, ఖాళీ అయిన చోట కెర్నెల్ తన పేజీ టేబుల్‌ను తెచ్చి పెట్టేదాకా కాచుకోవడం. ఏది ఎక్కడ కట్టుకుంటుందో ముందే లెక్కగట్టే ఈ విద్యకు వాళ్లు పెట్టిన పేరు ఫిజ్ ఫెంగ్ షూయీ. మనవాళ్లయితే వాస్తు అనేవారు.