కొలువులో తొలి ఏడాది: వృత్తినిష్ఠ ఎక్కడ అబ్బుతుంది?

ఇంజినీరింగ్ పట్టాతో నేరుగా సాఫ్ట్‌వేర్ కొలువులో చేరే ఫ్రెషర్లలో వృత్తినిష్ఠ కొరవడుతోందన్న ఫిర్యాదు హైదరాబాద్ కార్యాలయాల్లో తరచూ వినిపిస్తుంది. వృత్తినిష్ఠ అనగానే చాలామందికి ఇస్త్రీ చొక్కా, తడబాటు లేని ఇంగ్లిష్ గుర్తుకొస్తాయి గానీ, నిజానికి ఒప్పుకున్న పనిని గడువులోగా అప్పగించడం, అలా కుదరదని తేలితే ఆ మాట వెంటనే పైవారికి చెప్పడం దాని సారం. ఈ రెండింటిలో రెండోదే కొత్తవారికి కొరుకుడుపడదు.

శుక్రవారం ఇవ్వాల్సిన ప్రోగ్రాం సోమవారమే ఒకచోట ఆగిపోతుంది. స్టాండప్‌లో, అంటే జట్టంతా చేరి ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే రోజువారీ చిన్న సమావేశంలో, కొత్త ఉద్యోగి మూడు రోజులూ "అవుతోంది సార్" అని తప్పించుకుని, రాత్రుళ్లు ఒంటరిగా కుస్తీ పట్టి, శుక్రవారం మధ్యాహ్నం గానీ నోరు విప్పరు. ఫలానా చోట ఆగింది, ఇవి చేసి చూశాను అని మంగళవారమే చెప్పి ఉంటే, పక్క సీటులోని సీనియర్ అరగంటలో విప్పగల ముడి కావచ్చు అది.

ఈ దాపరికాన్ని సోమరితనమనడం అన్యాయం. తెలియని ప్రశ్నకూ ఏదో ఒకటి రాసి పేజీలు నింపితే నాలుగు మార్కులు రాలతాయన్నది పరీక్షల అనుభవం. హాజరు సంగతీ అంతే: జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో పరీక్ష రాయడానికి 75 శాతం హాజరు కావాలి. 65 శాతం దాటినవారికి తగిన కారణంపై, రుసుముతో, కండోనేషన్ అనే మినహాయింపు దొరుకుతుంది. ఆపదలో ఉన్న విద్యార్థికి ఆ వెసులుబాటు అవసరమే అయినా, గడువు దాటాక కూడా ఏదో ఒక దారి ఉంటుందన్న ధీమా నాలుగేళ్లలో పలువురికి అలవాటైపోతుంది.

పని మర్యాద పనిచోటే, అనుభవజ్ఞుల పక్కనే అబ్బుతుందన్న ఎరుక మన చట్టాల్లో ఎప్పటినుంచో ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి ఇంజినీరింగ్ పట్టభద్రులకూ వర్తింపజేశారు. దాని కింద వారు సాధారణంగా ఏడాదిపాటు సంస్థలో భృతి పొందుతూ శిక్షణలో ఉంటారు. తెలంగాణలో 2014లో ఏర్పడిన ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్ కూడా కళాశాల స్థాయిలోనే ఉద్యోగ నైపుణ్యాలు నేర్పుతోంది. అడిగితే చెప్పే మనిషిని చూపకుండా, చేరిన వారం నుంచే ఫలితం కోరే సంస్థకు కొత్తవారిని తప్పుపట్టే హక్కు సగమే ఉంటుంది.

కాబట్టి జట్లను నడిపేవారికి ఒక విన్నపం: మొదటి మూడు నెలల్లో ఫ్రెషర్ నోట "నాకు తెలియడం లేదు" అన్న మాట వచ్చినప్పుడు ముఖం చిట్లించకండి, కుర్చీ దగ్గరకు జరుపుకుని ఆ తెర ఒకసారి చూడండి.