ఎగరేయడం ఓకే.. మరి దించేదెలా? గడ్డి గ్రౌండ్‌లో ఆర్‌సీ విమానం ముక్కలు కాకుండా ల్యాండ్ అవ్వాలంటే ఇవి తెలియాల్సిందే!

నెలల తరబడి కష్టపడి కట్టిన మోడల్ విమానం. గాల్లోకి చక్కగా లేచింది. నాలుగు రౌండ్లు కొట్టింది. కింద ఉన్నవాళ్లంతా ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. తీరా దిగే టైమ్‌లో చక్రం ఒక గడ్డి దుబ్బుకు తగిలింది. అంతే.. ముక్కు నేలకు గుద్దుకుని పల్టీ కొట్టింది. ప్రొపెల్లర్ విరిగింది, రెక్క ఊడింది. ఇలాంటి వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆర్‌సీ.. అంటే రేడియో కంట్రోల్ విమానాల హాబీలో కొత్తవాళ్లను ఎక్కువగా ఏడిపించేది గాల్లో చేసే విన్యాసాలు కాదు. చివరి ఐదారు సెకన్ల ల్యాండింగే.

పైగా మన దగ్గర తారు రన్‌వే ఉన్న ఫ్లయింగ్ గ్రౌండ్ దొరకడం కష్టం. ఇంజినీరింగ్ స్టూడెంట్స్ అయినా, హాబీగా ఎగరేసేవాళ్లయినా ఎక్కువగా వెళ్లేది కాలేజీ వెనుక ఖాళీ స్థలానికో, పంట కోసిన పొలానికో, ఎండాకాలం నీళ్లు ఇంకిన చెరువులోకో. అక్కడ ఉండేది గడ్డి, గుంతలు, బెడ్డలు, పల్లేరు కాయలు. మరి అలాంటి చోట విమానాన్ని సేఫ్‌గా ఎగరేసి దించడం ఎలా? ఒక్కొక్కటిగా చూద్దాం.

గడ్డిలో అసలు ప్రాబ్లం ఏంటి?

తారు రోడ్డు మీద చక్రం ఫ్రీగా దొర్లుతుంది. గడ్డిలో మాత్రం ప్రతి పోచా బ్రేక్ వేసినట్టే లెక్క. దీంతో రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి, టేకాఫ్‌కు కావాల్సిన స్పీడ్ అందుకోవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. రెండోది, ల్యాండ్ అయ్యాక చక్రం సడెన్‌గా ఆగిపోతుంది కానీ విమానం బరువు ముందుకే తోసుకెళ్తుంది. బరువు అంతా చక్రానికి పైన ఉంటుంది కాబట్టి ముక్కు కిందికి, తోక పైకి లేచి బోల్తా కొడుతుంది. సైకిల్ ముందు బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు ఏమవుతుందో ఇక్కడా అదే.

పెద్ద చక్రమే శ్రీరామరక్ష

ఇక్కడ ఒక సింపుల్ లెక్క ఉంది. అడ్డం వచ్చిన బెడ్డ ఎత్తు, చక్రం ఎత్తులో సగానికి చేరిందంటే ముందుకు ఎంత లాగినా చక్రం దాన్ని ఎక్కలేదు. అంటే 5 సెంటీమీటర్ల చక్రానికి రెండున్నర సెంటీమీటర్ల బెడ్డ కూడా గోడతో సమానం. అదే 10 సెంటీమీటర్ల చక్రం అయితే దాని మీద నుంచి దొర్లుకుంటూ పోతుంది. అందుకే కిట్‌తో వచ్చిన చిన్న చక్రాలు తీసేసి, బరువు పెరగకుండా ఫోమ్‌తో చేసిన పెద్ద చక్రాలు వేసుకోవడం మంచిది.

లుక్ కోసం చక్రాలపై తొడిగే కవర్లు కూడా గడ్డి గ్రౌండ్‌లో తీసేయాల్సిందే. వాటిలో గడ్డి ఇరుక్కుని చక్రం తిరగడం ఆగిపోతుంది. చక్రాల కాళ్లకు స్ప్రింగ్‌లా వంగే గట్టి ఉక్కు వైరు వాడతారు. అది కాస్త వెనక్కి వంగి దెబ్బను మింగేస్తుంది. ఇంకో ట్రిక్ ఏంటంటే, ల్యాండింగ్ గేర్‌ను నైలాన్ బోల్టులతో బిగించడం. గట్టిగా తగిలితే బోల్టు తెగుతుంది, విమానం బాడీ మాత్రం చీలదు. ట్రైనర్ విమానాల్లో రెక్కను రబ్బర్ బ్యాండ్లతో కట్టడం వెనుక కూడా ఇదే లాజిక్. దెబ్బ తగలగానే రెక్క పక్కకు జరుగుతుంది కానీ విరగదు.

తోక చక్రమా? ముక్కు చక్రమా?

చక్రాల అమరిక ముఖ్యంగా రెండు రకాలు. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం ఉంటే దాన్ని టెయిల్ డ్రాగర్ అంటారు. ముక్కు కింద ఒకటి, మధ్యలో రెండు ఉంటే ట్రైసైకిల్ గేర్.

తారు మీద, సాఫీ నేల మీద కొత్తవాళ్లకు ట్రైసైకిల్ ఈజీ. దానంతట అదే తిన్నగా పోతుంది. కానీ గరుకు గడ్డిలో ముక్కు చక్రమే మొదటి శత్రువు. గుంతలో పడేది అదే, వంగేది అదే. దాన్ని తిప్పే సర్వో పళ్లు కూడా అరిగిపోతాయి. టెయిల్ డ్రాగర్‌లో పెద్ద చక్రాలు బరువు కేంద్రానికి ముందుంటాయి, ప్రొపెల్లర్ నేలకు ఎత్తులో ఉంటుంది. అందుకే గడ్డి గ్రౌండ్‌కు చాలామంది దీన్నే ఇష్టపడతారు. కాకపోతే టేకాఫ్‌లో ఎడమకు లాగే గుణం దీనికి ఎక్కువ. రడ్డర్ మీద వేలు రెడీగా ఉండాలి.

అసలు చక్రాలే వద్దనుకుంటే?

అది కూడా మంచి ఆప్షనే. ఫోమ్ విమానాలను చేత్తో విసిరి ఎగరేసి, పొట్ట మీద దించడం చాలా చోట్ల కామన్. చేత్తో విసిరే విమానాలను తక్కువగా చూడాల్సిన పనేమీ లేదు. 2003 ఆగస్టులో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటిన టీఏఎం-5 అనే మోడల్ విమానాన్ని కూడా చేత్తో విసిరే గాల్లోకి పంపారు. అమెరికాకు చెందిన మేనార్డ్ హిల్ టీమ్ తయారుచేసిన ఈ విమానం బరువు 5 కిలోల లోపే. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ నుంచి 38 గంటలకు పైగా ఎగిరి ఐర్లాండ్ చేరింది. సముద్రం మీద దాన్ని ఆటోపైలట్ నడిపినా, చివర్లో దించింది మాత్రం ఒక మనిషే.

పొట్ట మీద దించేటప్పుడు ఒక్క రూల్ మర్చిపోకూడదు. నేలకు తగిలేలోపే థ్రాటిల్ జీరో చేయాలి. తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలకు తగిలితే అది విరగడమే కాదు, మోటార్ షాఫ్ట్ కూడా వంగుతుంది. పొట్ట కింద గట్టి టేప్ అంటిస్తే ఫోమ్ గీరుకుపోదు. ప్రొపెల్లర్ వెనుక ఉండే మోడల్ అయితే ముందు విసిరి, చేయి పక్కకు వచ్చాకే థ్రాటిల్ ఇవ్వాలి. తిరిగే ప్రొపెల్లర్ వేళ్లను కోసేస్తుంది. ఇది బొమ్మే అనుకుంటే పొరపాటే.

ముందు గ్రౌండ్ మొత్తం నడవండి

విమానం బయటికి తీసే ముందు, ఎక్కడ దించాలనుకుంటున్నారో ఆ లైన్ మొత్తం ఒకసారి నడిచి చూడాలి. దూరం నుంచి చదునుగా కనిపించే పొలంలో దగ్గరికెళ్తే వరి కొయ్యకాళ్లు ఉంటాయి. నల్లరేగడి నేల అయితే ఎండకు నెర్రెలిచ్చి ఉంటుంది. ఆ పగుళ్లలో చక్రం దిగబడితే కాలు ఊడి చేతికొస్తుంది. రాళ్లు, బెడ్డలు తీసేయండి. గుంతల దగ్గర రంగు గుడ్డ కట్టిన పుల్ల గుచ్చండి. గట్లు, కరెంటు తీగలు, చెట్లు ఎటువైపు ఉన్నాయో చూసుకోండి.

ఇక గాలి. చిటికెడు ఎండు గడ్డి పైకి విసిరితే ఎటు వీస్తోందో తెలిసిపోతుంది. టేకాఫ్ అయినా, ల్యాండింగ్ అయినా గాలికి ఎదురుగానే చేయాలి. ఎందుకంటే.. ఒక విమానం గాల్లో నిలబడటానికి గంటకు 30 కిలోమీటర్ల స్పీడ్ కావాలనుకుందాం. 10 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే అది నేలను తాకేది 20 స్పీడ్‌తోనే. అదే గాలి వెనుక నుంచి ఉంటే 40తో తాకుతుంది. స్పీడ్ డబుల్ అయితే దెబ్బ నాలుగింతలు. ఒకే విమానం, ఒకే గ్రౌండ్.. దిశ మారితే ఫలితం ఇంత మారిపోతుంది.

మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం వేడి గాలులు పైకి లేచి విమానాన్ని ఊపేస్తాయి. అందుకే పొద్దున్నే ఎగరేయడం బెస్ట్.

టేకాఫ్ ఇలా..

టెయిల్ డ్రాగర్‌ను గడ్డిలో కదిలించేటప్పుడు ఎలివేటర్ స్టిక్ వెనక్కి లాగి పట్టుకోవాలి. అప్పుడు తోక నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, ముక్కు గుద్దుకోదు. థ్రాటిల్ నెమ్మదిగా పెంచుతూ, స్పీడ్ అందుకున్న కొద్దీ స్టిక్ కొంచెం కొంచెం వదలాలి. విమానం ఎడమకు లాగితే కుడి రడ్డర్ ఇవ్వాలి. నేల వదిలాక వెంటనే నిట్టనిలువుగా లేపకూడదు. గడ్డిలో ఎగిరి గంతేసినంత మాత్రాన చాలినంత స్పీడ్ వచ్చేసినట్టు కాదు. కాసేపు తిన్నగా పోనిచ్చి, ఆ తర్వాతే పైకి లేపాలి.

ల్యాండింగ్.. స్టెప్ బై స్టెప్

1. ముందుగా గాలి వాటంగా గ్రౌండ్ పక్క నుంచి పోనిచ్చి, రెండు మలుపులు తిప్పి గాలికి ఎదురుగా తేవాలి. ఈ చివరి లైన్ ఎంత పొడవుగా, తిన్నగా ఉంటే అంత టెన్షన్ తగ్గుతుంది.

2. థ్రాటిల్ తగ్గిస్తే విమానం దిగుతుంది. పెంచితే దిగడం నెమ్మదిస్తుంది. ఎత్తును థ్రాటిల్‌తో, స్పీడ్‌ను ఎలివేటర్‌తో చూసుకోవాలి. గ్రౌండ్ అందదేమోనని స్టిక్ వెనక్కి లాగితేనే డేంజర్. స్పీడ్ పడిపోయి, రెక్కలు గాలిని పట్టుకోలేక ఒక పక్కకు ఒరిగి పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. అందదనిపిస్తే కాస్త థ్రాటిల్ ఇవ్వండి.

3. విమానం మీ వైపు వస్తుంటే కుడి, ఎడమ తారుమారైనట్టు అనిపిస్తుంది. కన్ఫ్యూజ్ అవ్వకుండా ఒక చిట్కా.. ఏ రెక్క కిందికి వాలుతోందో స్టిక్ ఆ వైపుకే నెట్టండి. ఆ రెక్కకు ఆసరా ఇచ్చినట్టు లేస్తుంది.

4. గట్లు, చెట్ల చాటున నేలకు దగ్గరయ్యే కొద్దీ ఎదురుగాలి తగ్గుతుంది. దాంతో విమానం ఉన్నట్టుండి కుంగుతుంది. అందుకే గాలి ఉన్న రోజు కాస్త ఎక్కువ స్పీడ్‌తో రావాలి.

5. నేలకు దగ్గరయ్యాక థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, స్టిక్ కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూ ముక్కు పైకి పట్టాలి. దీన్ని ఫ్లేర్ అంటారు. విమానాన్ని నేలకు నొక్కకూడదు. దానంతట అదే దిగిపోవాలి. తగిలాక కూడా స్టిక్ వెనక్కే ఉంచండి, పల్టీ కొట్టకుండా కాపాడేది అదే.

6. ఏమాత్రం తేడాగా అనిపించినా థ్రాటిల్ ఇచ్చి, రెక్కలు సమంగా ఉంచి, ఇంకో రౌండ్ కొట్టి రండి. అందుకే బ్యాటరీ మొత్తం అయిపోయేదాకా ఎగరేయొద్దు. ట్రాన్స్‌మిటర్‌లో టైమర్ పెట్టుకుని, నాలుగో వంతు చార్జ్ మిగిలి ఉండగానే దించడం మొదలుపెట్టాలి.

గడ్డి మోకాలి ఎత్తు ఉంటే?

అప్పుడు నేల ఎక్కడుందో మర్చిపోండి. గడ్డి చివర్లే మీ రన్‌వే అనుకోవాలి. ఫ్లేర్ అక్కడే చేసి, వీలైనంత స్లోగా గడ్డి మీద కూర్చోబెట్టాలి. పొట్ట మీద దిగే ఫోమ్ విమానానికి ఇది పరుపు లాంటిది. చక్రాలున్న విమానానికి మాత్రం వల లాంటిది. ఒక రెక్క చివర ముందు తగిలిందంటే గిర్రున తిరిగిపోతుంది. అందుకే రెక్కలు రెండూ సమంగా ఉండాలి.

గడ్డిలో పడి కనిపించకుండా పోతే, పడిన చోటికి సూటిగా దూరంలో ఉన్న చెట్టునో, స్తంభాన్నో గుర్తు పెట్టుకుని చూపు మరల్చకుండా నడవండి. విమానానికి గడ్డిలో కలిసిపోకుండా కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వేస్తే వెతకడం ఈజీ. బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి. ఆ గడ్డిలో పాములు కూడా ఉంటాయి మరి.

పడగానే ఈ పని మాత్రం చేయొద్దు!

ప్రొపెల్లర్ గడ్డిలో ఇరుక్కుంటే థ్రాటిల్ పెంచి విడిపించే ప్రయత్నం చేయకూడదు. మోటార్ తిరగలేక కరెంట్ విపరీతంగా లాగుతుంది, స్పీడ్ కంట్రోలర్ కాలిపోతుంది. థ్రాటిల్ జీరోలో పెట్టి, దగ్గరికెళ్లి ముందు బ్యాటరీ కనెక్షన్ తీయాలి.

ఇక్కడే అసలైన ప్రమాదం ఉంది. ఈ విమానాల్లో వాడే లిపో బ్యాటరీ దెబ్బ తిన్నా, ఉబ్బినా అంటుకునే అవకాశం ఉంది. అది వెంటనే జరగకపోవచ్చు, కాసేపటికి జరగొచ్చు. వేసవిలో ఎండు గడ్డి, పక్కనే రైతు గడ్డివాము.. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే దెబ్బ తిన్న బ్యాటరీని కారులో, బ్యాగ్‌లో పెట్టకుండా మట్టి నేల మీద దూరంగా ఉంచి గమనించాలి. ఒక బకెట్ ఇసుక వెంట తీసుకెళ్లడం మర్చిపోవద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం జనం. విమానం కనిపించగానే ఊళ్లో పిల్లలంతా పరుగెత్తుకొస్తారు. దిగే లైన్‌లోకి ఎవరూ రాకుండా, అందరూ మీ వెనుకే నిలబడేలా చూసే బాధ్యత ఒక ఫ్రెండ్‌కు అప్పగించండి. సిగ్నల్ కట్ అయితే మోటార్ దానంతట అదే ఆగిపోయేలా ఫెయిల్ సేఫ్ సెట్ చేసి, ఎగరేసే ముందు చెక్ చేయాలి.

రూల్స్ సంగతేంటి?

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ఆర్‌సీ విమానాలకూ వర్తిస్తాయి. మొత్తం బరువు 25 కిలోలు మించకుండా.. చదువు, పరిశోధన, డిజైన్, టెస్టింగ్ లేదా సరదా కోసం, కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసేవాటిని ఈ రూల్స్ మోడల్ విమానాలుగా గుర్తిస్తాయి. వీటికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అలాగని ఎక్కడపడితే అక్కడ ఎగరేయడానికి వీల్లేదు. డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ గ్రౌండ్ గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. గ్రీన్ జోన్‌లో కూడా మామూలుగా 400 అడుగులే లిమిట్, ఎయిర్‌పోర్టుకు దగ్గరయ్యే కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి కాబట్టి సిటీ వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. రెడ్ జోన్ అయితే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. రిజిస్ట్రేషన్ రూల్స్ కూడా ముందే చూసుకోండి. పొలం అయితే రైతును అడిగి దిగడం కనీస మర్యాద.

ఎస్ఏఈ ఏరో డిజైన్ లాంటి స్టూడెంట్ పోటీల్లో విమానం ఎగిరితే సరిపోదు. ముక్కలు ఊడకుండా, గీసిన గీతల మధ్య దిగితేనే ఆ రౌండ్ లెక్కలోకి వస్తుంది. పోటీకి వెళ్లే టీమ్స్ ఒక పని చేయొచ్చు. ప్రాజెక్ట్ విమానాన్ని బయటికి తీసే ముందు, చవక ఫోమ్ విమానంతో అదే గ్రౌండ్‌లో, అదే గాలిలో ల్యాండింగ్స్ మాత్రమే ప్రాక్టీస్ చేయండి. నేలను తాకీ తాకకముందే మళ్లీ లేపుతూ ఒక్క బ్యాటరీలో ఐదారు సార్లు ట్రై చేయొచ్చు. విరిగితే టేపు వేసి మళ్లీ ఎగరేయొచ్చు. నెలల కష్టం మాత్రం సేఫ్‌గా ఉంటుంది.