చెవిలో రాయి చెప్పే వయసు: ఉత్తర పసిఫిక్ రాక్‌ఫిష్ సంగతి

చేప తల పులుసు తినేటప్పుడు పంటికి తెల్లని రాయిలాంటిది ఎప్పుడైనా తగిలిందా? రాయేమిటని తీసి పక్కన పెట్టేస్తాం. అది బయటి నుంచి వచ్చిన రాయి కాదు, చేప లోపలి చెవిలో పెరిగే సున్నపు ముక్క. చేప ఎన్నేళ్లు బతికిందో అందులో రాసి ఉంటుంది. ఈ రాయిని సరిగా చదవడం ఎంత ముఖ్యమో ఉత్తర పసిఫిక్‌లోని రాక్‌ఫిష్‌ను చూస్తే తెలుస్తుంది.

రాక్‌ఫిష్ అంటే ఒక్క చేప కాదు, వందకు పైగా జాతులున్న పెద్ద కుటుంబం. ఎక్కువ జాతులు అలాస్కా, కెనడా, అమెరికా పడమటి తీరాల్లోనే ఉంటాయి. చాలావరకు రాతి సందుల్లో తలదాచుకుంటాయి కాబట్టి ఆ పేరు. ఇవి గుడ్లు నీళ్లలో వదలవు. గుడ్లు తల్లి కడుపులోనే పొదిగి, పిల్లలుగా బయటికి వస్తాయి.

వీటిలో రఫ్‌ఐ అనే జాతి 205 ఏళ్ల దాకా బతికినట్టు లెక్క తేలింది. ఈరోజు సముద్రంలో 200 ఏళ్ల రఫ్‌ఐ ఒకటి ఉందనుకోండి. 1857 తిరుగుబాటు నాటికే దానికి ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి!

వయసు ఎలా తెలుస్తుంది? చెట్టు మానులో వలయాలున్నట్టే చెవిరాయిలోనూ ఏడాదికో వలయం ఏర్పడుతుంది. మొదట్లో శాస్త్రవేత్తలు రాయిని పైపైన చూసి లెక్కపెట్టేవారు. అలా చూస్తే పసిఫిక్ ఓషన్ పెర్చ్ అనే రాక్‌ఫిష్ ముప్పై ఏళ్లకు మించి బతకదనిపించింది. తర్వాత రాయిని మధ్యకు విరిచి, విరిగిన వైపు మంట మీద కాస్త కాల్చి చూశారు. సన్నని వలయాలు నల్లగా బయటపడ్డాయి. అదే జాతి తొంభై ఏళ్లు దాటి బతుకుతుందని తేలింది. ముసలి చేపల్లో రాయి పక్కలకు పెరగడం తగ్గి, లోపలి వైపు మందం పెరుగుతుంది. అందుకే పైనుంచి ఆ వలయాలు కనబడలేదు.

ఈ లెక్క నిజమేనా అని మరో దారిలో కూడా సరిచూశారు. 1950, 60లలో జరిగిన అణు పరీక్షల వల్ల సముద్రపు నీటిలో ఒక రకం కార్బన్ పెరిగింది. ఆ కాలంలో పుట్టిన చేప చెవిరాయి నడిమి భాగంలో ఆ గుర్తు ఉంటుంది. వలయాల లెక్క దానితో సరిపోయింది.

వయసు తప్పయితే ఏం కొంప మునుగుతుంది అంటారా? బ్యాంకులో అసలు, వడ్డీ ఉంటాయి కదా. సముద్రంలో ఉన్న చేపలు అసలు, ఏటా కొత్తగా పెరిగేది వడ్డీ. వడ్డీ మాత్రమే తింటే అసలు నిలుస్తుంది. తక్కువ కాలం బతికే చేప త్వరగా పెరిగి, త్వరగా పిల్లల్ని పెడుతుంది, కాబట్టి వడ్డీ ఎక్కువ. వందేళ్లు బతికే చేప దగ్గర వడ్డీ చాలా తక్కువ. ఎల్లోఐ రాక్‌ఫిష్ తల్లి కావడానికే సుమారు ఇరవై ఏళ్లు పడుతుంది. అందుకే ఆగ్నేయ అలాస్కాలో దీని పరిమితి మొత్తం బరువులో ఏటా 2 శాతం దగ్గర పెట్టారు. అంటే 100 టన్నులుంటే పట్టదగ్గది 2 టన్నులే.

మరి 100 టన్నులున్నాయని ఎలా తెలుసు? రాళ్ల మధ్య వల లాగితే చిరిగిపోతుంది. అందుకని మొదట చిన్న జలాంతర్గామిలో దిగి, ఇప్పుడు కెమెరా ఉన్న యంత్రాన్ని దింపి, ఒక గీత వెంట వెళుతూ కనబడ్డ చేపల్ని లెక్కిస్తారు. దాన్నిబట్టి ఆ రాతినేల మొత్తానికి అంచనా కడతారు.

అసలు తినేస్తే ఏమవుతుందో కూడా అక్కడే చూశారు. 1960లలో సోవియట్, జపాన్ ఓడలు అలాస్కా సింధుశాఖలో ఓషన్ పెర్చ్‌ను విపరీతంగా పట్టాయి. ఒక్క 1965లోనే దాదాపు 3,50,000 టన్నులు! ఆ తర్వాత చేప పడిపోయింది. 1976లో అమెరికా చట్టం చేసి, 200 నాటికల్ మైళ్ల దాకా వేటను తన అదుపులోకి తెచ్చుకుంది. చేప కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. అలాస్కాకు దక్షిణాన, అమెరికా పడమటి తీరంలో ఇదే జాతి కోలుకుందని 2017లో గానీ ప్రకటించలేదు.

ఇంకో చిక్కుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట ఆపుతారని మీకు తెలుసు. కవళ్లు, కానాగంతలు లాంటివి ఏడాది, రెండేళ్లకే గుడ్లు పెడతాయి కాబట్టి ఆ విరామం వాటికి పనికొస్తుంది. ఇరవై ఏళ్లు ఆగాల్సిన చేపకు రెండు నెలలు ఏం సరిపోతాయి? అందుకే కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2003, 2007 మధ్య 164 రాక్‌ఫిష్ రక్షణ ప్రాంతాలు ఏర్పాటు చేశారు.

"చిన్నవి వదిలేస్తే సరి" అనడానికీ లేదు. లోతు నుంచి పైకి లాగగానే దాని గాలితిత్తి ఉబ్బి, కళ్లు బయటికి పొడుచుకొస్తాయి. నీళ్లలోకి విసిరినా మునగలేక తేలిపోతుంది. బరువు కట్టిన కొక్కెంతో మళ్లీ లోతుకు దింపితే చాలా చేపలు బతుకుతాయి. అలాస్కాలో సరదా వేటకు వెళ్లే పడవల్లో 2020 నుంచి ఇలాంటి సాధనం తప్పనిసరి.

పెద్దవాటిని పట్టేస్తే పరవాలేదా? అదీ కాదు. ఆరెగాన్ తీరంలోని నల్ల రాక్‌ఫిష్ మీద స్టీవెన్ బర్క్‌లీ బృందం 2004లో ఒక పరిశోధన ప్రచురించింది. పెద్ద వయసు తల్లుల పిల్లలు, చిన్న వయసు తల్లుల పిల్లలకంటే మూడు రెట్లు వేగంగా పెరిగాయి. ఆకలికి రెండు రెట్లకు పైగా ఎక్కువ కాలం తట్టుకున్నాయి. పిల్లతో పాటు తల్లి ఇచ్చే నూనె బొట్టు పెద్దదిగా ఉండడమే కారణం. ఇంట్లో తాతమ్మ ఉంటే ఎంత బలమో, సముద్రంలోనూ అంతే.

పిల్లలూ, ఈసారి ఇంట్లో చేప తల వండితే ఆ రాయిని పారేయకండి. కడిగి, ఆరబెట్టి, భూతద్దంతో చూడండి. విరవడం, కాల్చడం మాత్రం పెద్దవాళ్లు దగ్గరుంటేనే. చేప పేరు చీటీ మీద తెలుగులో రాసి, రాయితో పాటు సైన్సు తరగతికి తెండి. ఆ పేరు తెలియకపోతే అమ్మమ్మనో, చేపలమ్మే అత్తనో అడగండి.