గింజ సంగతి వండేవాళ్లని అడిగారా?

కందిపప్పు కొనడానికి కొట్టుకెళ్లినప్పుడు మనం ఏం చేస్తామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. గుప్పెడు చేతిలోకి తీసుకుంటాం. రంగు చూస్తాం. నూనె పట్టించారేమోనని రెండు వేళ్ల మధ్య రాస్తాం. పుచ్చులున్నాయేమో వెతుకుతాం. "తొందరగా ఉడుకుతుందా?" అని కొట్టతన్ని నిలదీస్తాం. ఇంటికి తెచ్చాక అది ఉడక్కపోతే మళ్లీ ఆ కొట్టు గుమ్మం ఎక్కం. ఇక పొలం ఉన్న ఇల్లాలైతే ఆవిడ లెక్కలు ఇంకా చాలా ఉంటాయి. కంది కట్టె పొయ్యిలోకి ఎంత వస్తుంది, పొట్టు గేదెకి ఎన్నాళ్లొస్తుంది, గింజ ఏడాది పొడవునా పురుగు పట్టకుండా నిలుస్తుందా, పచ్చికాయ పిల్లలకి ఉడకబెట్టి పెడితే రుచిగా ఉంటుందా... ఒకటా, రెండా!

ఇదంతా పరిశోధనే అంటే మనకే నవ్వొస్తుంది. కొత్త వంగడాలు తయారుచేసే చోట చాలాకాలం రెండే ప్రశ్నలు పెద్దపీట వేసుకుని కూర్చున్నాయి. ఎకరానికి ఎంత పండుతుంది? తెగులుని తట్టుకుంటుందా? అవి ముఖ్యం కాదని ఎవరంటారు? కానీ పండిన గింజ చివరికి పొయ్యి మీదికే కదా రావాలి! పరిశోధన కేంద్రంలో నీళ్లూ ఎరువూ వేళకి అందిన మడిలో ఫస్టు క్లాసులో పాసైన వంగడం మన మెట్టచేలో చతికిలపడడం, లేదా బాగా పండి కూడా ఇంట్లో ఎవరికీ రుచించకపోవడం, వ్యవసాయం తెలిసిన ఇళ్లలో వినే కథే.

అందుకని కొంతమంది శాస్త్రవేత్తలు వరస మార్చారు. ముందు రైతుల్ని అడిగి, వాళ్లతో కలిసి ప్రయోగం చేసి, ఫలితం కూడా వాళ్లతోనే తేల్పించడం మొదలుపెట్టారు. రైతుల భాగస్వామ్యంతో పరిశోధన అని దీనికి కాస్త బరువైన పేరుంది. పేరెలా ఉన్నా, అడగాల్సిన వాళ్లని అడిగితే ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ మన దేశానిది కాదు. రువాండాది.

ఆఫ్రికాలో చిన్న కొండల దేశం అది. మనం రాజ్మా అంటామే, ఆ జాతి బీన్స్ వాళ్లకి మన కందిపప్పు లాంటిది. అది లేకపోతే భోజనం లేదు. విత్తనం ఎంచడం, దాచడం, విత్తడం అన్నీ ఆడవాళ్ల పనులే. ఒకే రకం విత్తరు. ఎరుపు, తెలుపు, నలుపు, చారలవి, చుక్కలవి కలగలిపి విత్తుతారు. వాన ఎక్కువైతే ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుందని. 1988లో రువాండా వ్యవసాయ పరిశోధన సంస్థ, కొలంబియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రం కలిసి ఒక పని చేశాయి. చుట్టుపక్కల ఊళ్లలో 'బీన్స్ అంటే ఆవిడనే అడగాలి' అని పేరున్న ఆడవాళ్లని రుబోనాలోని పరిశోధన క్షేత్రానికి పిలిచి, ఇంకా విడుదల కాని రకాల మధ్య తిప్పారు. నచ్చినవి ఎంచుకుని మీ చేలో వేసుకోండి అన్నారు. మామూలుగా అయితే శాస్త్రవేత్తలే ఏళ్ల తరబడి వడగట్టి, చివర్న మిగిలిన రెండు మూడు రకాలు మాత్రం రైతు ముందు పెడతారు. ఇక్కడ జల్లెడ మొదట్లోనే ఆడవాళ్ల చేతికిచ్చారు.

వాళ్లు ఎంచిన తీరు చూడండి. దిగుబడితో ఆగలేదు. అరటితోట నీడలో ఎలా పెరుగుతుంది, ఆకు గుబురు ఎక్కువైతే వానకి కుళ్లుతుందా, సారం తక్కువ నేలలో నిలబడుతుందా, ఇవన్నీ చూశారు. ఒక్కొక్కరి మనసులో తన చేను ఉంది కదా మరి! ఈ పనిలో పాలుపంచుకున్న లూయీజ్ స్పెర్లింగ్, ఆమె సహచరులు 1993లో ఫలితాలు ప్రచురించారు. ఆడవాళ్లు ఎంచిన రకాలు వాళ్ల పాత కలగలుపు విత్తనం కంటే 38 శాతం దాకా ఎక్కువ పండాయి. శాస్త్రవేత్తలు స్వయంగా ఎంచిన రకాలతో వచ్చిన పెరుగుదల 8 శాతం దగ్గరే ఆగింది. ఇంకో లెక్క నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. ఆ కొద్ది కాలంలో ఆ ఆడవాళ్ల ద్వారా పొలాలకెక్కిన కొత్త రకాలు 21. అంతకు ముందు పాతికేళ్లలో ఆ సంస్థ మొత్తం కలిపి విడుదల చేసినవీ దాదాపు అన్నే!

1994 నాటి మారణహోమంలో ఆ దేశం ఛిన్నాభిన్నమైంది. ఆ తర్వాత విత్తనాలు తిరిగి అందించడానికి వెళ్లినవాళ్లు బీన్స్ రకాలు చాలావరకు బతికే ఉన్నాయని గమనించారు. రకాలు ఒక్క గిడ్డంగిలో కాక వేల ఇళ్లలో ఉండడం ఎంత మేలో చూడండి.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇక్కడ విత్తనం కంటే ముందు పురుగు సంగతి చెప్పాలి.

మా అత్తగారిది నల్లగొండ జిల్లా. ఆముదం చేలకి ఎర్రగొంగళి పురుగు పడితే ఎలా ఉంటుందో ఆవిడ చెబుతుంటే ఒళ్లు జలదరించేది. "రాత్రి పచ్చగున్న చెల్క పొద్దుగాల్ల పుల్లలు మిగిలేది బిడ్డా" అనేవారు. ఒక చేను తినేసి దండులా పక్క చేలోకి పోతుంది. పెద్దదైన పురుగుకి ఒళ్లంతా బొచ్చు, పైన కొట్టిన మందు లోపలికి అంటదు. అప్పు తెచ్చి కొట్టిన మందు నేలపాలు. 1990ల మొదట్లో సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే సంస్థ, ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థలు, శాస్త్రవేత్తలు కలిసి తెలంగాణ పల్లెల్లో దీని మీద పనిచేశారు. పురుగు జీవితచక్రం శాస్త్రవేత్తలు విప్పి చెప్పారు. వేసవంతా అది కోశస్థ దశలో నేలలో దాక్కుంటుంది. తొలి పెద్ద వాన పడగానే రెక్కల పురుగులు బయటికొస్తాయి. వెలుగంటే వాటికి మోజు. ఒక్కొక్కటి వందల గుడ్లు పెడుతుంది. అంటే చంపాల్సింది బొచ్చు పురుగుని కాదు, ఆ గుడ్లు పెట్టే తల్లిని. వేసవిలో లోతుగా దున్నితే కోశాలు పైకొచ్చి పక్షుల పాలవుతాయి. వాన పడ్డ సాయంత్రాల్లో చేల గట్ల మీద మంటలు వేస్తే రెక్కల పురుగులు వచ్చి పడతాయి. మిగిలిన గొంగళ్లు చేలోకి రాకుండా కందకం తీసి అందులో జిల్లేడు కొమ్మలు వేస్తే అక్కడే పోగవుతాయి.

కిటుకేమిటంటే, ఒక్కరు మంట వేస్తే లాభం లేదు. ఊరంతా ఒకే రాత్రి వెయ్యాలి. ఆ సంగతి ఏ ప్రయోగశాలలో తేలుతుంది? ఊరు కూర్చుని మాట్లాడుకుంటేనే తేలుతుంది.

ఈ దారిలోనే ఇంకో అడుగు పాల్వంచ దగ్గరి పునుకులలో పడింది. పత్తి, మిరప పండించే ఊరు. 1997-98లో వరంగల్లు చుట్టుపక్కల పత్తి రైతుల ఆత్మహత్యలు మనం మరిచిపోలేం. పురుగు మందు అప్పుకి వచ్చింది, ఆ అప్పు తీర్చలేక అదే మందు గొంతులో పోసుకున్నారు. పునుకులలో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ 1999లో కొద్దిమంది రైతులతో మందుల్లేని సేద్యం మొదలుపెట్టింది. ఇళ్లలో మొగవాళ్లని ఒప్పించినవాళ్లలో ఆడవాళ్లది పెద్ద పాత్ర. ఎందుకుండదు? మందు కొట్టొచ్చి కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లేది, ఆ బట్టలు ఉతికేది ఆవిడే కదా! 2004 నాటికి ఆ పంచాయతీ తమది పురుగు మందులు వాడని ఊరని తీర్మానం చేసింది.

అక్కడ వాడిన వాటిలో ముఖ్యమైంది వేపగింజల కషాయం. పెరటి మొక్కలున్న వాళ్లకి పనికొస్తుందని కొలత చెబుతున్నాను. నీడలో ఎండిన వేపగింజల పప్పు 5 కిలోలు దంచి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానేసి, పిండి వడకట్టి, కొంచెం సబ్బు కలిపి, మొత్తం 100 లీటర్లు చేసుకోవాలి. కుండీ మొక్కలకైతే లీటరుకి 50 గ్రాములు. సాయంత్రమే చల్లాలి, ఎండలో దాని గుణం తొందరగా పోతుంది. వేప పురుగుకి పడదని మన అమ్మమ్మలకి తెలుసు, బియ్యంలో ఆకు వేసేవారు. ఎంత పాళ్లలో, ఏ పొద్దున, ఏ దశలో ఉన్న పురుగు మీద అన్నది శాస్త్రవేత్తలు తేల్చారు. రెండూ కలిస్తేనే అది మందైంది.

ఇక్కడే నాకొక పేచీ ఉంది. ఈ పద్ధతుల్ని 'ఖర్చు లేని వ్యవసాయం' అని ఊదరగొడతారు. 5 కిలోల పప్పు కావాలంటే అంతకు మించి గింజలు ఏరాలి, ఎండబెట్టాలి, పొట్టు తియ్యాలి, దంచాలి. ఎవరు? ఆవిడే. ఆ కూలి ఏ పద్దులోనూ ఉండదు. పునుకులలో మహిళా సంఘం వేపగింజలు పొడిచేసే మెషిన్ పెట్టుకుంది, దాని మీద ఇద్దరు ఆడవాళ్లకి పనీ దొరికింది. అలా లెక్క కట్టిన చోట పద్ధతి నిలుస్తుంది. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఇదే సేద్యం డ్వాక్రా తరహా మహిళా సంఘాల ద్వారా లక్షల ఎకరాలకి పాకిందంటే సంఘాలు ఉండబట్టే. అయినా ఇప్పటికీ 'రైతు సోదరులారా' అనే పిలుస్తారు. పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లే రైతు. మీటింగు పెట్టేది సరిగ్గా ఆవిడ పొయ్యి దగ్గరుండే వేళకి.

పాసుపుస్తకం కోసం ఆగని వాళ్లు జహీరాబాదు ఆడవాళ్లు. 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. పచ్చజొన్న, సామ, కొర్ర, కంది, అనుములు ఒకే చేలో వేస్తారు. విత్తనం కోతయ్యాక కాదు, చేను నిలిచి ఉండగానే మంచి కంకి చూసి ఎంచుతారు. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాస్తారు. ఈ సంఘాలకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

వాళ్లు చేసిన ఇంకో పని నాకు మరీ ఇష్టం. 2002లో మన దేశంలో బీటీ పత్తి వచ్చినప్పుడు వరంగల్లు జిల్లాలో అది ఎలా పండుతోందో అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సఖరి అనే ఇద్దరు వ్యవసాయ నిపుణులు మూడేళ్లు రైతుల పొలాల్లో లెక్కలు రాశారు. అదే సమయంలో ఈ సంఘాల ఆడవాళ్లు కెమెరాలు పట్టుకుని ఆ రైతుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి, చేను చేను చిత్రీకరించారు. చదువు రాకపోతేనేం, చేను చదవడం వచ్చు కదా! 2005లో కేంద్ర అనుమతి సంఘం మొదటి మూడు బీటీ హైబ్రిడ్లని ఆంధ్రప్రదేశ్‌లో ఆపేసింది. ఆ తర్వాత కొత్త హైబ్రిడ్లతో బీటీ పత్తే దేశమంతా అల్లుకుపోయిందన్నదీ నిజమే. మంచి చెడ్డల వాదన ఇంకా నడుస్తూనే ఉంది. వాదనలో చూపించడానికి మాత్రం ఆడవాళ్ల చేత్తో తీసిన రికార్డు ఒకటుంది.

కొత్త వంగడాన్ని విడుదల చేసే ముందు శాస్త్రవేత్తలు రైతులకి చిరుసంచుల్లో విత్తనం ఇచ్చి చూస్తారు. పొలమున్న వాళ్లూ, పుట్టింటి వైపు సేద్యం ఉన్న వాళ్లూ ఒక పని చెయ్యండి. ఆ సంచి పంట ఇంటికొస్తే పాత గింజతో కలిపెయ్యకండి. విడిగా వండండి. ఎంతసేపట్లో ఉడికింది, రుచెలా ఉంది, మర్నాటికి నిలిచిందా, పొట్టు గేదె తిన్నదా, ఒక కాగితం మీద రాయండి. దిగుబడి లెక్కలు రాసుకోవడానికి శాస్త్రవేత్త వస్తాడు కదా, ఆ కాగితం కూడా ఆయన చేతిలో పెట్టండి.