కలంకారీ తోట: పావు ఎకరంలో ఒక విద్య

శ్రీకాళహస్తీశ్వరుని దర్శించి తిరిగి వెళ్లే యాత్రికులలో అనేకులు కలంకారీ వస్త్రమొకటి కొని వెంట తీసుకొని వెళతారు. శ్రీరామ పట్టాభిషేకమో, దశావతారాలో చిత్రించిన ఆ వస్త్రం వారి పూజామందిరంలో గోడను అలంకరిస్తుంది. పూర్వం ఇవి ఆలయాలలో స్వామివారి వెనుక తెరలుగా, రథాలకు అలంకారాలుగా వ్రేలాడేవి. అయితే అందులోని నలుపు ఇనుము, బెల్లముల నుండి, ఎరుపు ఒక తీగ వేరు నుండి, పసుపు దానిమ్మ తొక్కల నుండి వచ్చినవని ఎరిగినవారు కొద్దిమందే. యంత్రపు అచ్చు వస్త్రాన్నీ దీనినీ ఒకే ధరకు బేరమాడడం ఆ ఎరుక లేకపోవడం వల్లనే.

ఈ కళ ఒకసారి అంతరించే స్థితికి వచ్చి నిలిచింది. కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950వ దశకంలో శ్రీకాళహస్తిలో ఏర్పడిన శిక్షణ కేంద్రం దానికి తిరిగి ప్రాణం పోసింది. నాడు చేతి నైపుణ్యం దక్కింది. నేడు జారిపోతున్నది మరొకటి: మొక్కల పరిచయం. కలం పట్టడం చక్కగా నేర్చిన యువకునికి కూడా నీలి మొక్క ఎదురుగా ఉంటే గుర్తుపట్టడం తెలియదు. అతనికి వర్ణద్రవ్యాలన్నీ అంగడి పొట్లాలే. కళను, దానికి పుట్టినిల్లయిన నేలను ఒకేచోట నేర్పడానికి చిన్న తోటను మించిన పాఠశాల లేదు. చేతివృత్తి ద్వారానే విద్య గరపాలని 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించినది ఈ మార్గమే.

ఇందుకు విశాలమైన భూమి అవసరం లేదు. సత్రం వెనుక పావు ఎకరం, ఒక బావి, రెండు పాడి పశువులు చాలు. గట్టున వెదురు పొద, ఒక చింతచెట్టు, రెండు దానిమ్మలు ఉండాలి. కరకచెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక కరక్కాయలను మొదట కొనుక్కోవలసినదే. అయినా మొక్కను నాటి ఉంచడం మంచిది, నేర్చుకొనే పిల్లలలో ఎవరో ఒకరు దాని కాయలు కోస్తారు.

మొదటి పాఠం బొమ్మ గీయడం కాదు, వస్త్రాన్ని సిద్ధం చేయడం. ముతక నూలు వస్త్రాన్ని ఆవుపేడ నీటిలో నానబెట్టి, ఉతికి, ఎండలో తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు వర్ణం వస్త్రంపై పాకిపోకుండా అడ్డుకుంటుంది. కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నలుపుగా మారుతుంది. (పాల వాసనకు ఈగలు ముసురుతాయి. ఆరవేసిన చోట ఒక పిల్లవానిని కాపలా ఉంచక తప్పదు.) నల్లని సిరాను కసిమి అంటారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను, బెల్లాన్ని, నీటిని కుండలో పోసి రెండు మూడు వారాలు పులియబెడితే అది తయారవుతుంది. చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో రూపురేఖలు గీసి, మొన చెక్కి గుడ్డ చుట్టిన వెదురు కలంతో వాటిపై కసిమి దిద్దుతారు. మసక నీరు వస్త్రాన్ని తాకగానే నల్లబడడం చూసిన బాలునికి రసాయన శాస్త్రంలోని ఒక పాఠం వేరుగా చెప్పనక్కరలేదు.

ఎరుపు ఇంకా సహనం నేర్పుతుంది. పటిక నీటికి దాదాపు వర్ణం ఉండదు. దానితో వేసిన భాగం కంటికి కనబడదు. ఆ వస్త్రాన్ని మంజిష్ఠ వేరుతోనో, చిరివేరుతోనో నీటిలో మరిగించినప్పుడు పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. చేయి ఎక్కడ వణికిందో అప్పుడే తెలుస్తుంది. గురువు మందలించవలసిన పని ఉండదు.

నీలి మొక్క ఒక్క వర్షాకాలంలోనే అక్కరకు వస్తుంది. పూతకు ముందే కోసి, ఆకును రాత్రంతా నీటిలో నాననిచ్చి, ఆ పసుపుపచ్చని ద్రవాన్ని కర్రతో బాగా చిలికితే గాలి తగిలి నీలంగా మారుతుంది. అడుగున పేరుకొన్న మడ్డిని ఆరబెడితే నీలిమందు. మిగిలిన ఆకు ఎరువవుతుంది. పప్పుజాతి మొక్క కనుక వేర్లు నేలకు నత్రజనిని అందిస్తాయి.

ఈ విద్యకు నీరే అసలైన ఆధారం. ప్రతి వర్ణం తరువాత వస్త్రాన్ని పారే నీటిలో జాడించాలి. స్వర్ణముఖి ఏడాదిలో చాలాకాలం ఇసుకగానే కనిపిస్తుంది కనుక తోటలో బావిని, జాడించిన నీటిని మళ్లీ మొక్కలకు పారించే కాలువను మొదటే ఏర్పాటు చేసుకోవాలి. ఇలాంటి తోటకు చేయూతనివ్వదలచిన దాతలు భవనంకంటె ముందు బావి పూడిక తీయించడం, వర్షపు నీటిని నిలిపే చిన్న గుంట తవ్వించడం గురించి ఆలోచించాలని మనవి. నీలి విత్తనాలు చల్లడానికి తొలకరి అనువైన సమయం. పూడికతీత వేసవిలోనే పూర్తి కావాలి.